మొదటి పీయూసీలో మానవ శరీర పాఠాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

ప్రొద్దుటూరులో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన మీ అమ్మాయి, మీకు బదిలీ కావడంతో ఈ సంవత్సరం బెంగళూరులో మొదటి పీయూసీ (మన ఇంటర్ మొదటి సంవత్సరం) సైన్సులో చేరిందని రాశారు. మానవ శరీర ధర్మశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి రాత్రి పదకొండింటి దాకా నోట్సు రాసుకుంటూ కూర్చున్నా పరీక్షలో సగం మార్కులైనా రావడం లేదన్నారు. గుండె గదుల పేర్లూ రక్తనాళాల పేర్లూ అడిగితే తడుముకోకుండా చెబుతుందని, అదే విషయాన్ని కొంచెం తిప్పి అడిగితే నోట మాట రావడం లేదని కూడా రాశారు. ఆమెను కోచింగులో చేర్చాలా, ఇంట్లో తెలుగులో చదువుకోవడం మానిపించాలా అన్నవి మీరు అడిగిన రెండు ప్రశ్నలు.

నేను ఈ ఊళ్ళోనే ఒక పీయూ కళాశాలలో 30 ఏళ్ళకు పైగా జీవశాస్త్రం బోధించాను. చిత్తూరు, అనంతపురం, కడప జిల్లాల నుంచీ కోలారు వైపు నుంచీ వచ్చిన తెలుగు పిల్లలు ఏటా నా తరగతిలో ఉండేవారు. వారిలో చాలామందికి సరిగ్గా మీ అమ్మాయికి వచ్చిన చిక్కే వచ్చేది. అందుకని రెండో ప్రశ్నకు జవాబు ముందే చెబుతున్నాను: తెలుగు మానిపించకండి. చిక్కు భాషలోనూ లేదు, జ్ఞాపకశక్తిలోనూ లేదు. శరీరంలో ఏది ఎక్కడుందో చెప్పేది నిర్మాణ శాస్త్రం, అక్కడ ఏం జరుగుతుందో చెప్పేది శరీర ధర్మశాస్త్రం. మీ అమ్మాయి మొదటిదాన్ని కంఠస్థం చేసింది, పరీక్షలో అడుగుతున్నది రెండోదాన్ని. మెజెస్టిక్ నుంచి మారతహళ్ళి దాకా బస్టాపుల పేర్లన్నీ వరసగా అప్పజెప్పగలిగినా ఒక్కసారైనా ఆ బస్సెక్కనివారికి, మధ్యలో దారి మళ్ళిస్తే ఎక్కడ దిగాలో తెలియదు. ఆమెను ఆ దారిలో ఒకసారి నడిపించాలి, అంతే.

ముందు పాఠాల వరస సంగతి. కర్ణాటక పీయూసీ సైన్సుకు ఎన్సీఈఆర్టీ పుస్తకమే పాఠ్యపుస్తకం. అందులో మానవ శరీర ధర్మశాస్త్రం కింద ఇప్పుడు ఆరు పాఠాలున్నాయి: శ్వాసక్రియ, రక్తప్రసరణ, విసర్జన, కదలికలు, నాడీ నియంత్రణ, హార్మోన్లు. పుస్తకం శ్వాసక్రియతో మొదలవుతుంది గానీ, రక్తప్రసరణనే ముందు చదివించమని నా సలహా. ఆక్సిజన్‌ను మోసేది రక్తమే, మూత్రపిండం వడపోసేది రక్తాన్నే, హార్మోను ప్రయాణం చేసేది రక్తంలోనే. ఆ ఒక్క పాఠం గట్టిపడితే మిగిలిన ఐదూ దాన్ని ఆనుకుని నిలబడతాయి. జీర్ణక్రియ పాఠాన్ని ఈ మధ్య పుస్తకం నుంచి తొలగించారు. అయినా తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో ఎక్కడ కలుస్తుందో తెలియకుండా ఇన్సులిన్ పాఠం చదవడం కష్టం కనుక, ఆమె పదో తరగతి తెలుగు పుస్తకంలోని జీర్ణక్రియ భాగాన్ని ఒక ఆదివారం మళ్ళీ చదివించండి. ఆ పుస్తకాన్ని ప్రొద్దుటూరులోనే వదిలేసి వచ్చి ఉంటే తెప్పించుకోండి.

ఇక గుండె. మా కళాశాల డాబా మీద ఏటా సుద్దముక్కలతో పది అడుగుల పొడవున గుండె బొమ్మ గీయించేదాన్ని. నాలుగు గదులు (పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు), వాటి మధ్య తలుపుల్లాంటి కవాటాలు, ఒక పక్కన ఊపిరితిత్తులు, ఇంకో పక్కన మిగిలిన శరీరమంతటికీ కలిపి ఒక పెద్ద సున్న. పిల్లలు ఒక్కొక్కరే రక్తపు బొట్టై, ఆక్సిజన్ తగ్గిందనడానికి గుర్తుగా చేతిలో నీలం కాగితంతో కుడి కర్ణికలో అడుగుపెట్టాలి, ఊపిరితిత్తుల దగ్గర దాన్ని ఇచ్చి ఎర్ర కాగితం తీసుకోవాలి, శరీరం దగ్గర ఎర్రది ఇచ్చి మళ్ళీ నీలం తీసుకోవాలి. ప్రతి అడుగులోనూ తాను ఎక్కడుందో, ఏ కవాటం దాటుతోందో పైకి చెప్పాలి. ఒక సంవత్సరం కోలారు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కుడి జఠరికలో నిలబడి నేరుగా బృహద్ధమనిలోకి నడిచింది. బొమ్మలో ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమనీ, శరీరానికి పోయే బృహద్ధమనీ ఒకదాని మీదుగా ఒకటి పోతాయి గనుక ఆ చోట తడబడటం సహజమే. నేను ఏమీ అనలేదు. శరీరం దాకా వెళ్ళి, ఇవ్వాల్సిన కాగితం కోసం చేతిలోకి చూసుకుని, అది ఇంకా నీలంగానే ఉండటం గమనించి, "అయ్యో మేడం, నేను ఊపిరితిత్తులకే పోలేదు కదా!" అని తానే వెనక్కి వచ్చింది. రక్తం శరీరాన్ని ఒక్కసారి చుట్టిరావడానికి గుండెలోకి రెండుసార్లు ఎందుకు రావాలో ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర లేకపోయింది. మీ ఇంట్లో డాబా లేకపోతే హాల్లో నేల మీద గీయించండి. ఇంట్లో ఉన్నవారందరూ ఒకసారి నడవండి, మీరు తప్పు నడిస్తే ఆమెను దిద్దనివ్వండి.

ఈ నడక వల్ల మన వాడుకలో పాతుకుపోయిన ఒక తప్పు కూడా ఊడిపోతుంది. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం ప్రవహిస్తాయని మనం ఇళ్ళలో అంటుంటాం. అదే మాట పాఠంలోకి తెచ్చుకున్న పిల్లలు ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని మోసే పుపుస ధమని దగ్గర బోల్తా పడతారు. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర. లోపల ఎలాంటి రక్తముందన్నది ఆ పేర్లకు సంబంధించిన విషయమే కాదు. పైగా ఆ చెడు రక్తం అంత చెడ్డదేమీ కాదు. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, విశ్రాంతిగా ఉన్నప్పుడు కణజాలాలకు అది ఇచ్చేది దాదాపు 5 మిల్లీలీటర్లే. మిగిలిన ముప్పాతిక భాగం ఆక్సిజన్‌తోనే రక్తం తిరిగి వస్తుంది. మెట్లెక్కినప్పుడు, పరుగెత్తినప్పుడు కండరాలు ఇంకొంత తీసుకునేది ఆ నిల్వలోంచే. పుస్తకంలో సిరలకు వేసిన నీలం రంగు బొమ్మ కోసమే గానీ, ఆ రక్తం నల్లగా కనిపించే ముదురు ఎరుపు.

మీ ఇంట్లో మాంసాహారం తినే అలవాటుంటే, మటన్ అంగడిలో మేక గుండెకాయను కోయకుండా, పైనున్న గొట్టాలు కత్తిరించకుండా ఇమ్మని ముందురోజే చెప్పి తెచ్చుకోండి. పదిహేను పేజీల నోట్సు చెప్పలేనిది అది చెబుతుంది. కుళాయి కింద లోపలి రక్తపు గడ్డలన్నీ పోయేదాకా కడిగి, ముందుగా బయటి నుంచి రెండు పక్కలా నొక్కి చూడమనండి. ఒక పక్క మెత్తగా లోపలికి పోతుంది, రెండో పక్క బిగుతుగా ఉండి వేలికి ఎదురు తన్నుతుంది. ఆ బిగుతు పక్కది ఎడమ జఠరిక. బొమ్మలో గుండె మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది కాబట్టి దాని ఎడమ మన కుడివైపుకు వస్తుందన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుచేయండి. తర్వాత, పైన తెల్లగా, మందంగా, తెరిచిన నోరులా నిలబడి ఉండే గొట్టం బృహద్ధమని. దాన్ని నిటారుగా పట్టుకుని అందులో నిదానంగా నీళ్ళు పోయమనండి. నీళ్ళు లోపలికి జారిపోకుండా గొట్టంలోనే నిలుస్తాయి. పైనుంచి చూస్తే చొక్కా జేబుల్లాంటి మూడు పల్చని పొరలు నీటి బరువుకు ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేయడం కనిపిస్తుంది. అర్ధచంద్రాకార కవాటం అన్న పేరు అప్పటినుంచి ఆమెకు బట్టీ పట్టాల్సిన పేరుగా ఉండదు. ఆ జేబుల పైననే చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అవి గుండెకు తన సొంత రక్తాన్ని అందించే కరోనరీ ధమనుల మొదళ్ళు. అక్కడ పూడిక వస్తే వచ్చే జబ్బు గురించి ఇంట్లో ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు వినే ఉంటుంది.

ఆ తర్వాత పొడవునా కోస్తే గోడల మందం కళ్ళెదుట ఉంటుంది. ఎడమ జఠరిక గోడ కుడిదానికి సుమారు మూడు రెట్లు. ఎందుకని అడగండి. కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు, ఎడమది తల నుంచి కాలి గోటి దాకా తోయాలి అన్న జవాబు ఆమె నోటినుంచే రావాలి. కర్ణికకూ జఠరికకూ మధ్య కవాటపు రేకులను కిందికి పట్టి ఉంచే తెల్లని దారాలను వేలితో మీటి చూడమనండి. జఠరిక ముడుచుకున్నప్పుడు ఆ రేకులు వెనక్కి తిరగబడకుండా ఆపేవి అవే. రేకుల కవాటాలు మూసుకున్నప్పుడు వచ్చేది లబ్, జేబుల కవాటాలు మూసుకున్నప్పుడు వచ్చేది డబ్. శాకాహారుల ఇంట్లో ఇదంతా కుదరదు, బలవంతం చేయవద్దు. కళాశాల ప్రయోగశాలలో విడదీయగల గుండె నమూనా తప్పకుండా ఉంటుంది. బీరువాలోంచి తీయించి, ఒక పూట చేతిలో పెట్టమని ఉపాధ్యాయులను అడగడానికి ఆమె మొహమాటపడకూడదు.

పుస్తకంలోని అంకెలను విడివిడిగా గుర్తుపెట్టుకోవడం మరో పొరపాటు. అంకెలను ఒకదానితో ఒకటి గుణించమనండి, అప్పుడు అవి మాట్లాడతాయి. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో కొట్టుకు 0.8 సెకన్లు పడుతుంది. ఒక్కో కొట్టుకు ఒక్కో జఠరిక తోసేది సుమారు 70 మిల్లీలీటర్లు. 72తో గుణిస్తే నిమిషానికి 5,040 మిల్లీలీటర్లు, అంటే 5 లీటర్లు. పెద్దవారి ఒంట్లో ఉండే రక్తం మొత్తం కూడా ఇంచుమించు 5 లీటర్లే. అంటే మన రక్తమంతా నిమిషానికి ఒకసారి గుండె గుండా పోతోందన్నమాట. 1628లో విలియం హార్వే రక్తం ఒంట్లో చుట్టూ తిరుగుతుందని నిరూపించింది ఇలాంటి లెక్కతోనే. అంతకు ముందు వందల ఏళ్ళపాటు, కాలేయంలో ఎప్పటికప్పుడు కొత్త రక్తం పుడుతుందనీ శరీరం దాన్ని వాడేసుకుంటుందనీ నమ్మేవారు. అరగంటలో గుండె తోసే రక్తం ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కంటే ఎక్కువని హార్వే లెక్కగట్టి, అంత రక్తం తిన్న తిండి నుంచి అప్పటికప్పుడు పుట్టడం అసాధ్యం కాబట్టి అదే రక్తం తిరిగి వస్తూ ఉండాలన్నాడు. ధమనులనూ సిరలనూ కలిపే కేశనాళికలను ఆయన చూడలేదు. ఆయన చనిపోయిన నాలుగేళ్ళకు, 1661లో, మాల్పీజీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తుల్లో వాటిని చూశాడు. కంటికి కనిపించనిదాన్ని గుణకారంతో పట్టుకున్న ఈ కథను నేను ఏ బ్యాచికీ చెప్పకుండా వదల్లేదు.

రక్తప్రసరణ అయ్యాక శ్వాసక్రియకు రండి. ఇక్కడ పిల్లలందరూ తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. గాలి లోపలికి రావడం వల్ల ఛాతీ ఉబ్బుతుందని అనుకుంటారు. జరిగేది దానికి తిరగబడి: ఛాతీ పెద్దదవడం వల్ల గాలి లోపలికి వస్తుంది. ఊపిరితిత్తులకూ కడుపుకూ మధ్యనున్న కండరపు పొరను తెలుగు పుస్తకాల్లో ఉదరవితానం అంటారు. వితానమంటే చాందినీ, పెళ్ళిపందిట్లో మధ్యలో పైకి ఎత్తి కట్టిన చాందినీలాగే అది గోపురంలా ఉంటుంది. ముడుచుకున్నప్పుడు ఆ గోపురం దిగి చదునవుతుంది, పక్కటెముకలు పైకీ బయటికీ లేస్తాయి, లోపలి చోటు పెరుగుతుంది, చోటు పెరిగితే పీడనం తగ్గుతుంది, బయటి గాలి తానే చొరబడుతుంది. నీళ్ళ సీసా అడుగు కోసేసి, అక్కడ బెలూను ముక్క బిగించి, మూతలోంచి దూర్చిన గొట్టానికి లోపల ఇంకో చిన్న బెలూను కట్టి చూపిస్తారు కదా, అది చేయించండి. ఒక్క జాగ్రత్త: ఆ సీసాలో బెలూనుకూ గోడకూ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది. మన ఛాతీలో అలాంటి ఖాళీ లేదు. ఊపిరితిత్తులు పల్చని ద్రవపు పొరతో గోడకు అంటుకునే ఉంటాయి, తడిసిన రెండు గాజు పలకల్లా.

మామూలుగా ఒక్కో ఊపిరికి లోపలికి వచ్చేది 500 మిల్లీలీటర్లు. ఎంత గట్టిగా ఊదేసినా 1,100 నుంచి 1,200 మిల్లీలీటర్ల గాలి లోపల మిగిలే ఉంటుంది. ఈ రెండో అంకె ఎందుకుందో ఆమెను ఆలోచించనివ్వండి. ఊపిరి వదిలాక మళ్ళీ పీల్చేలోపు కూడా రక్తం ఊపిరితిత్తుల గుండా పోతూనే ఉంటుంది. లోపల గాలే లేకపోతే ఆ రక్తానికి ఆక్సిజన్ ఎక్కడిది? శ్వాసక్రియ పాఠంలో వచ్చే పీడనాల పట్టిక కూడా ఈ ఆలోచనతోనే చదవాలి. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులైన వాయుగోణుల్లో ఆక్సిజన్ పాక్షిక పీడనం (మొత్తం పీడనంలో ఆక్సిజన్ వంతు) 104 మిల్లీమీటర్ల పాదరసం, అక్కడికి వచ్చే రక్తంలో 40. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి పోవడం తప్ప ఆక్సిజన్‌కు వేరే తెలివేమీ అక్కర లేదు. ఏ పాఠంలోనైనా ఏది కదులుతోంది, దాన్ని తోస్తున్నదేమిటి, దారిలో అది ఏమి మారింది అని అడుగుతూ పోవడం ఆమెకు అలవాటు కావాలి.

మూత్రపిండాల పాఠం అందరూ భయపడేది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చాలామంది దాన్ని జల్లెడలా ఊహించుకుంటారు, చెత్త కిందికి దిగి మంచిది పైన మిగులుతుందన్నట్లు. మూత్రపిండం పనిచేసేది మనం సంక్రాంతికి ఇల్లు దులిపినట్లు. పనికిరానివి వెతికి తీయము. అటక మీదివీ గదుల్లోవీ సామాను మొత్తం వాకిట్లో పెట్టేసి, కావలసినవి మళ్ళీ లోపలికి చేర్చుకుని, మిగిలినవి పారేస్తాం. ఒక్కో మూత్రపిండంలో ఉన్న సుమారు 10 లక్షల నెఫ్రాన్లనే సన్నని వడపోత గొట్టాల మొదట్లో, కేశనాళికల గుచ్ఛం దగ్గర, రక్తకణాలూ ప్రొటీన్లూ తప్ప ప్లాస్మాలోని దాదాపు అన్నీ బయటికి వడపోతకు వచ్చేస్తాయి, గ్లూకోజుతో సహా. రెండు మూత్రపిండాలకూ కలిపి నిమిషానికి 125 మిల్లీలీటర్లు. 60తోనూ 24తోనూ గుణించమనండి: రోజుకు 180 లీటర్లు. మనం విసర్జించేది లీటరున్నర. మిగిలినదంతా నెఫ్రాన్ గొట్టం పొడవునా తిరిగి రక్తంలోకి చేరుకుంది. ఇది తెలిశాక మధుమేహంలో మూత్రంలోకి చక్కెర ఎందుకు వస్తుందో ఆమే చెప్పగలుగుతుంది: వాకిట్లో పెట్టిన సామాను ఎక్కువై, లోపలికి మోసే చేతులు చాలకపోవడం.

ఇదే పాఠంలో మీ అమ్మాయికి సొంత అనుభవం నుంచి ఒక ప్రశ్న వేయండి. మే నెలలో ప్రొద్దుటూరులో చెంబులు చెంబులు నీళ్ళు తాగినా బాత్‌రూమ్‌కు రెండు మూడుసార్లకంటే వెళ్ళే అవసరం రాదు, డిసెంబరులో బెంగళూరులో అంతకంటే తక్కువ తాగినా గంటకోసారి లేవాల్సి వస్తుంది. ఎందుకు? అక్కడ నీరు చెమటగా పోయి రక్తం చిక్కబడితే, మెదడులోని హైపోథాలమస్ దాన్ని గుర్తించి పీయూష గ్రంథి ద్వారా ఏడీహెచ్ హార్మోనును ఎక్కువ విడుదల చేయిస్తుంది. అది సంగ్రహణ నాళాల్లోంచి నీటిని మళ్ళీ రక్తంలోకి లాగిస్తుంది. ఇక్కడి చల్లదనంలో చెమట లేదు, రక్తం పల్చగానే ఉంది, హార్మోను తగ్గింది, నీరు బయటికి పోతుంది. విసర్జన, నాడీ నియంత్రణ, హార్మోన్లు అనే మూడు పాఠాలు ఈ ఒక్క ప్రశ్నలో కలిసిపోయాయి చూడండి. నెఫ్రాన్ గొట్టం కిందికి దిగి వంగి పైకి లేచే హెన్లీ శిక్యం దగ్గర జరిగే ప్రతిప్రవాహ పద్ధతి మాత్రం మొదటిసారి చదివినప్పుడు ఎవరికీ తలకెక్కదు; మిగిలిన పాఠమంతా వచ్చాక రెండోసారి చదివేటప్పుడు దాని దగ్గరికి రమ్మనండి.

కదలికల పాఠంలో కండరం ముడుచుకోవడానికి, కణాలకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థం కావాలని చదువుతుంది. ఆ ఏటీపీని 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరం నుంచి వేరుచేసింది భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదువుకుని, హార్వర్డ్‌కు వెళ్ళిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారని చెప్పండి. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చానని బెంచీ చివర కూర్చునే పిల్లలకు ఆ పేరు వినిపించడం నాకు చాలా అవసరమనిపించేది.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగు పారిభాషిక పదాలు ఇంగ్లీషు పదాలకు అడ్డమని మీరు భయపడుతున్నారు గానీ, నిజానికి అవి తాళంచెవులు. గుండె పై గదిని ఆరికల్ అనేవారు, లాటిన్‌లో చిన్న చెవి అని అర్థం. మన కర్ణికలోనూ ఉన్నది చెవే. ఇప్పటి పుస్తకాల్లోని ఏట్రియం రోమన్ల ఇళ్ళలో నడిమి మండువాకు పేరు. వచ్చినవారు ముందు అడుగుపెట్టేది అక్కడే. వెంట్రికల్ అంటే చిన్న పొట్ట, జఠరికలో ఉన్నదీ జఠరమే. కన్నడంలో వీటినే హృత్కర్ణ, హృత్కుక్షి అంటారు, మళ్ళీ చెవీ పొట్టే. క్యాపిలరీ అంటే వెంట్రుకలాంటిది, మన కేశనాళికలో కేశం ఉంది. మీ అమ్మాయి ఒక నోటుబుక్కులో తెలుగు మాట, ఇంగ్లీషు మాట, రెండింటి అర్థం పక్కపక్కన రాసుకుంటే నెల తిరిగేసరికి రెండు భాషలూ ఒకదానికొకటి చేయూతనిస్తాయి. ఒక్క చోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి: కన్నడ మాధ్యమం నుంచి వచ్చిన స్నేహితులు అపధమని అంటే మన ధమని, అభిధమని అంటే మన సిర. ధమని అన్న శబ్దం వినబడగానే రెండూ ఒకటేననుకుని చీటీలు మార్చి రాసినవారిని చూశాను.

చదివే పద్ధతి మాత్రం ఇలా ఉండనివ్వండి. పేజీ చదివాక పుస్తకం మూసి, మీకో తమ్ముడికో తెలుగులో పైకి చెప్పాలి. చెబుతూ ఆగిపోయిన చోటే తెలియని చోటు. ఆ తర్వాతనే ఇంగ్లీషులో, నాలుగైదు చిన్న వాక్యాల్లో రాయాలి. పుస్తకంలోని వాక్యాన్ని యథాతథంగా కాకుండా, తాను చెప్పినదాన్ని. నాలుగేసిసార్లు నోట్సు ఎత్తి రాయడం ఈ రోజే మానిపించండి. చేయి పనిచేస్తుంటే చదువుతున్నామన్న భ్రమ కలుగుతుంది గానీ మనసు అప్పటికే పడుకుని ఉంటుంది. బొమ్మలు కూడా చూసి గీయకూడదు. ఒక నిమిషం చూసి, మూసి, జ్ఞాపకం మీద పెన్సిలుతో గీసి, మళ్ళీ తెరిచి తప్పులను ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. మొదటి వారం బొమ్మ నిండా ఎరుపే ఉంటుంది, కంగారుపడవద్దు.

నాడీ వ్యవస్థ పాఠం మొదలుపెట్టే ముందు హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న మెదడు మ్యూజియానికి తీసుకెళ్ళండి. సందర్శన వేళలు ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. దాతలు ఇచ్చిన నిజమైన మెదళ్ళు అక్కడ ఉన్నాయి. నేను పిల్లలను తీసుకెళ్ళినప్పుడు చేతి తొడుగులు ఇచ్చి ఒకటి చేతిలో పెట్టారు. అంతసేపూ గలగలలాడుతున్న గుంపు ఒక్కసారిగా సద్దుమణిగింది. కిలో పై చిలుకు బరువు, పుస్తకంలోని గులాబీ రంగు కాకుండా మట్టి కలిసిన పాలరంగు, వెనక కింద సన్నని గీతలతో ఆకుల కట్టలా అనుమస్తిష్కం, అంటే చిన్నమెదడు. ఇంటికి వచ్చాక ఆ పాఠంలోని బొమ్మ వారికి బొమ్మగా కనిపించలేదు.

కోచింగు గురించి: వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష నీట్‌లో 180 ప్రశ్నలకు 90 జీవశాస్త్రానివే, 720 మార్కులకు 360, కనుక మీ ఆత్రుత నాకు అర్థమవుతుంది. కానీ అక్కడ చాలాచోట్ల గంటకు వంద ప్రశ్నలు చేయిస్తారే గానీ దారి నడిపించే తీరిక ఉండదు. పొట్టి అక్షరాల గుర్తులు ఇచ్చి బట్టీ పట్టించిన ఒక కేంద్రం నుంచి వచ్చిన పిల్లలు కవాటాల వరస గడగడా చెప్పి, ఏ కవాటం ఏ గది ముందుందో మాత్రం చూపించలేకపోవడం నేను స్వయంగా చూశాను. రక్తప్రసరణ, శ్వాసక్రియ పాఠాలు రెండూ పైన చెప్పిన పద్ధతిలో పూర్తయ్యాక, అభ్యాసం కోసం చేర్చాలనుకుంటే చేర్చండి. అంతకు ముందు వద్దు.

రెండో పాఠానికి పోవచ్చో లేదో తేల్చుకోవడానికి నేను మా పిల్లలకు వేసిన ప్రశ్న ఒకటి ఇస్తున్నాను. ఎడమ కాలి సిరలో కట్టిన ఒక చిన్న రక్తపు గడ్డ ఊడి రక్తంతో పాటు బయలుదేరితే, అది ఏ అవయవంలో చిక్కుకుంటుంది, మెదడు దాకా ఎందుకు పోదు? పుస్తకం చూడకుండా, నేల మీద గీసిన ఆ గుండె బొమ్మ మీద నడుస్తూ చెప్పమనండి. అధో బృహత్సిర, కుడి కర్ణిక, త్రిపత్ర కవాటం, కుడి జఠరిక, అర్ధచంద్రాకార కవాటం, పుపుస ధమని అంటూ నడిచి, ఊపిరితిత్తుల్లో దారులు వెంట్రుకంత సన్నబడిన చోట తనంత తానే ఆగిపోయి, "ఇక్కడే ఇరుక్కుంటుంది, ఎడమ వైపుకే రాలేదు, మెదడుకు ఎలా పోతుంది" అని ఆమె అడిగితే, మరుసటి రోజు శ్వాసక్రియ పాఠం తెరవవచ్చు. మధ్యలో ఎక్కడైనా తడబడితే ఆ చోటు పేరు ఇక్కడ రాయండి, అక్కడి నుంచి చెబుతాను.